బెంగళూరు ‘లీజు’ వేరు, చట్టం ‘లీజు’ వేరు

ప్రశ్న: మారతహళ్లిలో ఇల్లు వెతుకుతున్నాం. వెళ్లిన ప్రతిచోటా ‘రెంట్‌కా, లీజుకా?’ అంటున్నారు. రెండూ ఒకటే కదండీ?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చట్టం ప్రకారం మీ మాట నిజమేనమ్మా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ చూస్తే, నెలనెలా అద్దె కట్టి ఉండటమూ లీజే. ఊళ్లో పొలం కౌలూ అంతే.

బెంగళూరు వాడుకలో మాత్రం లీజంటే లక్షల్లో సొమ్ము ఒకేసారి ఇచ్చి, అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు అంతా తిరిగి తీసుకోవడం. కన్నడిగులు భోగ్య అంటారు. అప్పిచ్చినవాళ్లు వడ్డీకి బదులు ఆస్తిని అనుభవించే మన స్వాధీన తనఖాకు దగ్గర.

భయమంతా ఆ సొమ్ము గురించే. ఇంటిమీద అప్పుండి యజమాని కట్టకపోతే బ్యాంకు ఇల్లు జప్తు చేస్తుంది, మీరు ఆయన వెంట తిరగాలి. ముందుగా ఈసీ (ఆస్తిమీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. అదొక్కటే చాలదు: దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు ఒక్కోసారి ఈసీలో కనబడదు. అందుకే ఒరిజినల్ దస్తావేజులు కళ్లారా చూడాలి. జిరాక్సులే చూపిస్తే డబ్బు ఇవ్వకండి. చెల్లింపు బ్యాంకు ఖాతా ద్వారానే చేయండి. గడువు ఏడాది దాటితే ఒప్పందం రిజిస్టర్ చేయించడం తప్పనిసరి.