పాము మచ్చిక సంగతి తర్వాత.. ముందు పాపను డాక్టర్‌కు చూపించండి

ప్రశ్న: నా వయసు 34. ఇంట్లో పెంచుకుందామని కార్న్ స్నేక్ (విషం లేని అమెరికా జాతి పాము) పిల్లను తెచ్చి 10 రోజులైంది. దాని వయసు 3 నెలలట, పొడవు జానెడున్నర ఉంటుంది. చేయి దగ్గరకు తీసుకెళ్తే చాలు, తోక టపటపలాడించి మీదికి వస్తోంది. ఇప్పటికే రెండుసార్లు కరిచింది. సూది గుచ్చినట్టు రక్తపు చుక్కలు వచ్చాయంతే. అలవాటు కావాలని రోజూ గంటసేపు చేతిలో పట్టుకుంటున్నాను. నిన్న మింగిన ఎలుక పిల్లను కక్కేసింది. ఇంకా ఎక్కువసేపు పట్టుకోవాలా? గ్లౌజులు వేసుకోవాలా? రేబిస్, టీటీ ఇంజక్షన్లు అవసరమా? మా పాపకు 3 ఏళ్లు, తనూ ముచ్చటపడి దాన్ని నిమురుతుంటుంది. (4 రోజులుగా పాపకు విరేచనాలు, కాస్త జ్వరం. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ 2 రోజులు వేశాం, తగ్గినట్టే ఉంది.)
- ఓ పాఠకుడు

జవాబు: మొదట చెప్పాల్సిన మాటను మీరు చివర్లో బ్రాకెట్లలో పెట్టారు. పాపను ఈ రోజే పిల్లల డాక్టర్‌కు చూపించండి. తగ్గినట్టే ఉన్నా సరే, చూపించండి.

పాములు, బల్లులు, తాబేళ్ల పేగుల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది. వాటికి దానితో ఏ ఇబ్బందీ ఉండదు, నిగనిగలాడుతూనే ఉంటాయి. మలంతో పాటు అప్పుడప్పుడూ బయటికొచ్చి వాటి చర్మానికి, తొట్టెకు, నీళ్ల గిన్నెకు అంటుకుంటుంది. ప్రతిసారీ బయటికి రాదు కాబట్టే, ఒకసారి పరీక్షలో 'లేదు' అని వచ్చినా నమ్మడానికి లేదు. మనిషి నోట్లోకి వెళ్లాక 6 గంటల నుంచి 6 రోజుల్లోపు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. ఇప్పుడు మీరే లెక్క చూసుకోండి. పాము ఇంటికొచ్చి 10 రోజులు, పాపకు విరేచనాలు పట్టుకుని 4 రోజులు.

పాపను నేను చూడలేదు కాబట్టి పాము వల్లే అని తేల్చి చెప్పలేను. ఈ వయసులో విరేచనాలకు వైరస్‌లే ఎక్కువగా కారణం. అలాగని అనుమానించకుండా వదిలేయడానికీ లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో 4 నుంచి 7 రోజుల్లో దానంతటదే సర్దుకునే ఈ ఇన్ఫెక్షన్, 5 ఏళ్లలోపు పిల్లల్లో ఒక్కోసారి రక్తంలోకి పాకుతుంది. అక్కడి నుంచి మెదడు పొరలకో ఎముకలకో చేరితే వైద్యం వారాల మాట. గర్భిణులు, 65 ఏళ్లు దాటినవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించడానికి కారణం కూడా పిల్లల్లో వచ్చిన సాల్మొనెల్లా కేసులే. 5 ఏళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పాములు, తాబేళ్లు పెంచవద్దనే వైద్యుల సలహా. మీరు తెచ్చేశారు. కనీసం పాపను దాని గదిలోకి వెళ్లనివ్వకండి. పాప తాకకపోయినా మీ చేతుల మీదుగా, చొక్కా మీదుగా అంటుకోవచ్చని గుర్తుంచుకోండి. పామును పట్టుకున్న చొక్కాతోనే పాపను ఎత్తుకోకండి.

ఇక ఆ సిరప్ గురించి. ఎన్నిసార్లు రాసినా నాకు ఈ విషయంలో విసుగు రాదు, చదివేవాళ్లకే వస్తుందేమో. ఇంట్లో యాంటీబయాటిక్ మిగిలిందంటే పోయినసారి కోర్సు పూర్తిచేయలేదేమో అనిపిస్తోంది. పొడిలో నీళ్లు కలిపిన సిరప్‌లు చాలావరకు 1 లేదా 2 వారాలకు మించి పనికిరావు. అది ఎప్పటి సీసా? ఏ జబ్బుకు రాసింది? అప్పుడు పాప బరువెంత, ఇప్పుడెంత? ఇవేవీ చూడకుండా పోశారు. సాల్మొనెల్లా విరేచనాలు మామూలుగా ఉన్నప్పుడు అసలు యాంటీబయాటిక్ ఇవ్వం. ఇస్తే జబ్బు త్వరగా తగ్గదు సరికదా, బ్యాక్టీరియా మలంలో ఇంకా ఎక్కువ రోజులు కనబడుతుంది. 3 నెలల్లోపు చంటిబిడ్డలకు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకు, రక్తంలోకి పాకిందని అనుమానం ఉన్నవాళ్లకు ఇస్తాం. అది కూడా మలం, రక్తం కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపాకే. మీరు 2 రోజులు మందు వేశాక చేసే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. రిపోర్ట్ బాగుందని మీరు సంతోషిస్తారు, మాకు మాత్రం ఆధారం పోయినట్టే. నాలుగో రోజుకు దానంతటదే తగ్గుముఖం పట్టే జబ్బుకు సిరప్ వేస్తే, పేరు మాత్రం సిరప్‌కు వస్తుంది.

సిరప్ ఇప్పుడు ఆపాలా, కొనసాగించాలా అన్నది పాపను చూసే డాక్టర్ చెప్పాలి. సీసా వెంట తీసుకెళ్లండి. ఇంట్లో పాము ఉందని తప్పకుండా చెప్పండి. ఆ ముక్క చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. ఒకసారి చంటిబిడ్డ జ్వరానికి కారణం దొరక్క మూడు రోజులు తల పట్టుకున్నాం. చివరికి వాళ్ల తాతగారు మాటల్లో మాటగా 'అబ్బాయి గదిలో తాబేలుందండీ' అన్నారు. మొదటిరోజే ఎవరూ ఎందుకు చెప్పలేదంటే, మేం అడగలేదన్నారు. నిజమే, మేమూ అడగలేదు.

ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టిస్తూ ఉండండి. విరేచనాలు ఆపే మాత్రలు పిల్లలకు సొంతంగా వేయకండి. మలంలో రక్తం పడినా, జ్వరం 102 ఫారన్‌హీట్ దాటినా, 6 గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మగతగా పడుకున్నా, తాగిందంతా వాంతి చేసుకుంటున్నా ఓపీ టైమ్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇప్పుడు మీ కాట్ల సంగతి. రేబిస్ పాముల ద్వారా రాదు. అది క్షీరదాల జబ్బు, ఆ ఇంజక్షన్ అక్కర్లేదు. టీటీ విషయం వేరు. చివరి డోసు ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోయినా, 5 ఏళ్లు దాటినా మీ డాక్టర్‌ను అడిగి వేయించుకోండి. కరిచిన వెంటనే ధారగా పారే నీటి కింద సబ్బుతో 5 నిమిషాలు కడగాలి. పట్టుకుని వదలకపోతే లాగేయకండి. వాటి పళ్లు లోపలికి వంగి ఉంటాయి, లాగితే విరిగి మీ చర్మంలోనే ఉండిపోతాయి. దాని నోటి మీద చల్లటి నీళ్లు పోస్తే చాలావరకు వదిలేస్తుంది. గాటు దగ్గర 2 రోజుల తర్వాత కూడా ఎర్రగా వాచి నొప్పిగా ఉంటే చూపించండి. ఇక్కడ కూడా మిగిలిపోయిన మాత్రలు మింగకండి.

ఒక అనుమానం మాత్రం నన్ను వదలడం లేదు. అది కార్న్ స్నేక్ అని మీకెవరు చెప్పారు? పెంపకంలో పుట్టిన పిల్లనే నమ్మకమైన చోట తెచ్చుకున్నారా, లేక బయట దొరికిన దాన్ని 'విషం లేనిదే' అని ఎవరో చేతిలో పెట్టారా? అమెరికాలో కార్న్ స్నేక్‌ను చూసి, అక్కడి విషసర్పమైన కాపర్‌హెడ్‌ అని, దాన్ని చూసి ఇదని పొరబడేవాళ్లు ఉన్నారు. పిల్ల పాము కదా అని విషం లేకుండా పోదు. ఏ జాతో గట్టిగా తెలియని పాము కరిస్తే విషపు కాటుగానే లెక్క. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకుండా, ఆ చేతిని కదపకుండా ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని విషపు కాట్లకు మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు కాబట్టి వాపు కోసం ఎదురుచూడటం ప్రమాదం. హాగ్‌నోస్ అనే పామును పెంచేవాళ్లకు కూడా ఒక మాట. దానిది స్వల్ప విషమే అయినా, పట్టుకుని నమిలితే చేయి వాచిపోతుంది.

మచ్చిక గురించి రాయడానికి నేను తగినవాడిని కాను. నేను మనుషుల డాక్టర్‌ని. పశువైద్యుడైన మిత్రుణ్ని ఫోన్లో అడిగాను, మీ ఉత్తరం చదివి వినిపిస్తే 'గంటసేపా!' అన్నాడు. కొత్త చోటుకు వచ్చిన పిల్లను కనీసం వారం ముట్టుకోకూడదట. రెండుసార్లు తిని, కక్కకుండా అరిగించుకున్నాకే చేతిలోకి తీసుకోవాలి. తిన్న తర్వాత 48 గంటలు అసలు కదపకూడదు. మీ పిల్ల కక్కడానికి ఇదే కారణం కావచ్చు, తొట్టెలో వెచ్చదనం చాలకపోయినా కక్కుతుంది. పాము శరీరానికి వేడి బయటి నుంచే అందాలి. గంటసేపు మీ చేతిలో ఉంటే తొట్టెలోని వెచ్చదనం ఆ మేరకు అందదు. కక్కాక కనీసం 10 రోజులు మేత పెట్టకుండా, నీళ్లు మాత్రం ఉంచి, ఆ తర్వాత మునుపటికన్నా చిన్న మేత పెట్టి చూడమన్నాడు. మళ్లీ కక్కినా, నోరు తెరిచి గాలి పీలుస్తున్నా సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

ఆ తర్వాత రోజు విడిచి రోజు, 5 నిమిషాలతో మొదలుపెట్టండి. చేయి పైనుంచి దించకండి. గద్దలు వచ్చేది పైనుంచే కదా, పాము పిల్లకు మీ చేయీ గద్దే. పక్క నుంచి నెమ్మదిగా తీసుకెళ్లి, ఒంటి మధ్యలో కింద నుంచి ఆసరా ఇచ్చి ఎత్తాలి. తల, తోక పట్టుకోకూడదు. చేతికి ఎలుక వాసన ఉంటే మేతనుకుని కరుస్తుంది కాబట్టి పట్టుకునే ముందు కూడా చేతులు కడగాలి. మెడను ఎస్ ఆకారంలో వెనక్కి ముడుచుకుని చూస్తుంటే ఆ రోజుకు వదిలేయండి. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం. చూపు సరిగా ఆనక చిరాకుగా ఉంటుంది, అది అయ్యేదాకా తాకొద్దు. తొట్టెలో దాక్కోవడానికి రెండు గూళ్లుంటే భయం తగ్గుతుంది. ఇవన్నీ చేసినా అది మిమ్మల్ని ప్రేమించదు, మీ చేతిని సహిస్తుంది అన్నాడు మిత్రుడు.

పట్టుకున్నాక ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. శానిటైజర్ సబ్బు దొరకనప్పటి మాట. దాని గిన్నె, తొట్టె వంటింటి సింకులో కడగకండి. మేతకు తెచ్చిన ఎలుకలను మీరు తినే పదార్థాలతో ఒకే ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకట్టినా సాల్మొనెల్లా చావదు. ముద్దులు, మెడలో వేసుకుని ఫొటోలు వద్దు. చేతులపై దురద పుట్టించే చిన్న ఎర్ర పొక్కులు వస్తే, అలర్జీ మాత్ర మింగే ముందు పాము పొలుసుల సందుల్లో నల్లటి నలుసుల్లాంటి పురుగులున్నాయేమో చూడండి. పాము మీది మైట్స్ మనుషులనూ కుడతాయి.

గ్లౌజులా? మందపాటివి వేసుకుంటే ఎంత గట్టిగా నొక్కుతున్నారో మీకు తెలియదు, ఇంత చిన్న పిల్లకు పక్కటెముకలు దెబ్బతినే ప్రమాదం. వద్దు. తొట్టె శుభ్రం చేసేటప్పుడు మాత్రం పలుచటి డిస్పోజబుల్ గ్లౌజులు వేసుకోండి. పాప కల్చర్ రిపోర్ట్ వచ్చాక ఏం రాశారో నాకు పంపండి.