లాఫింగ్ గ్యాస్: కాన్పు గదిలో నేను పీల్చింది, మా తమ్ముడు బెలూన్‌లో పీల్చింది

మీ ప్రశ్న చదవగానే మా పిన్ని కొడుకు గుర్తొచ్చాడు, అందుకే పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది. మీరడిగింది ఏంటంటే, యూకేలో మాస్టర్స్ చేస్తున్నారు, మీ ఇంట్లో ఉండే కుర్రాళ్ళు వీకెండ్ వస్తే బెలూన్లలో లాఫింగ్ గ్యాస్ పట్టుకుని పీలుస్తున్నారు, వద్దంటే "హాస్పిటల్లో కాన్పుకి ఇచ్చేది ఇదేగా, ఏం కాదు" అంటున్నారు, అందులో నిజమెంత అని. గ్యాస్ అదే, నైట్రస్ ఆక్సైడ్. నిజం ఆ ఒక్క ముక్క వరకే.

నేను 2021లో లండన్‌లో మా పాపని కన్నాను. ఇక్కడ దాన్ని గ్యాస్ అండ్ ఎయిర్ అంటారు, అసలు పేరు ఎంటొనాక్స్, సగం నైట్రస్ ఆక్సైడ్ సగం ఆక్సిజన్. ఆ సగం ఆక్సిజన్ అన్నది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికొస్తా. గోడలోంచి ఒక పైపు, చివర నోట్లో పెట్టుకునే ప్లాస్టిక్ ముక్క. మిడ్‌వైఫ్, అంటే కాన్పు చేసే నర్సు, నా చేతిలో పెట్టి, నొప్పి మొదలవుతోంది అనిపించగానే పీల్చడం మొదలుపెట్టు, బాగా ఎక్కువయ్యేదాకా ఆగకు, పని చెయ్యడానికి 20-30 సెకన్లు పడుతుంది అంది. మొదటి రెండు నొప్పులకీ నాకు టైమింగ్ కుదరలేదు, మూడోదానికి కుదిరింది. నొప్పి పోదండి, ఉంటుంది, కానీ పక్క గదిలో ఎవరికో వస్తున్నట్టు ఉంటుంది. పెదాలు తిమ్మిరెక్కాయి, మా ఆయన మాటలు బావిలోంచి వస్తున్నట్టు వినపడ్డాయి, ఒకసారి వాంతి కూడా అయింది.

ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ కళ్ళముందుంది. నా చెయ్యి వణుకుతోందని మా ఆయన ఆ ముక్క పట్టుకుని నా నోటి దగ్గర పెట్టబోతే, అప్పటిదాకా ఎంతో మెత్తగా మాట్లాడిన మిడ్‌వైఫ్ గట్టిగా వద్దంది. ఆమే పట్టుకోవాలి, ఇంకెవరూ పట్టుకోకూడదు అంది. ఎందుకని అడిగితే చెప్పింది, మత్తు ఎక్కువైతే చెయ్యి దానంతటదే జారిపోతుంది, ఇక మామూలు గాలే పీలుస్తావు, రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది అని. అంటే మనిషి స్పృహలో ఉంటేనే గ్యాస్ అందేలా ఉంది ఏర్పాటంతా, పక్కన ఒక మనిషి, ఇంకో పక్క ఆక్సిజన్, అదీ కొన్ని గంటలు, జీవితంలో ఒకటో రెండో సార్లు. పిల్లల డెంటిస్టులు వాడినప్పుడు కూడా ముక్కుకి మాస్క్ పెట్టి ఆక్సిజన్ 30 శాతానికి తగ్గకుండా మెషీన్ చూసుకుంటుంది, అయిపోయాక కొన్ని నిమిషాలు ఉత్త ఆక్సిజన్ ఇచ్చిగానీ కుర్చీలోంచి లేపరు. అలా వాడితే నిజంగా మంచి మందు, నేను మళ్ళీ కంటే మళ్ళీ అడుగుతా, కాన్పుకి వెళ్ళేవాళ్ళు ఇది చదివి భయపడొద్దు.

నిజానికి దీన్ని సరదాకి పీల్చడమే ముందు, వైద్యం తర్వాత. 1799లో ఇక్కడ బ్రిస్టల్‌లో హంఫ్రీ డేవీ తన మీదే ప్రయోగాలు చేసుకుని, పన్ను నొప్పి తగ్గడం కూడా గమనించి, ఆపరేషన్లకి పనికి రావచ్చని 1800లో పుస్తకంలో రాశాడు, అయినా నలభై ఏళ్ళకి పైగా అది పార్టీల్లో, స్టేజీ షోల్లోనే తిరిగింది. 1844 డిసెంబర్‌లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే డెంటిస్ట్ అలాంటి షోకే వెళ్ళి, గ్యాస్ పీల్చినవాడి కాలికి దెబ్బ తగిలినా వాడికి తెలియకపోవడం చూసి, మర్నాడే తన పన్ను పీకించుకున్నాడు. దెబ్బ తగిలినా కాలికి తెలియకపోవడం అన్నది అప్పుడు వైద్యానికి దారి చూపించింది గానీ, మా తమ్ముడి విషయంలో కాలికి తెలియకపోవడం అలాగే ఉండిపోయింది.

వాడు 2022 సెప్టెంబర్‌లో చదువుకి ఇక్కడికొచ్చాడు. ఆరుగురు కుర్రాళ్ళు ఒక ఇంట్లో. న్యూ ఇయర్‌కి ఎవరో తెచ్చారట, మొదట చిన్న వెండి రంగు గొట్టాలు, ఒక్కోదాంట్లో 8 గ్రాములు, కేకుల మీద క్రీమ్ కొట్టడానికి అమ్మేవి. తర్వాత 600 గ్రాముల పెద్ద సిలిండర్, అంటే చిన్నవి 75 ఒకేసారి కొన్నట్టు. చిన్నవైతే ఎన్ని అయ్యాయో నేల మీద లెక్క కనపడుతుంది, పెద్దదొచ్చాక లెక్కే లేదు అక్కా అన్నాడు తర్వాత. శుక్రవారం మొదలుపెడితే ఆదివారం దాకా.

2023 ఉగాదికి మా ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి మా ఆయన స్లిప్పర్స్ వేసుకుని వంటింటి వైపు వస్తున్నాడు, ఎడమ కాలిది హాల్లోనే ఉండిపోయింది, వాడికి తెలీలేదు. ఒక కాలికి స్లిప్పర్, ఒక కాలు ఉత్తది, అలా వచ్చి నిలబడి పచ్చడి గిన్నె తీసుకున్నాడు. ఏంట్రా అని చూపిస్తే కిందకి చూసుకున్నాడు, అప్పుడు వాడి ముఖం చూడాలి, తెల్లబోయాడు. కూర్చోబెట్టి అడిగితే నెల్లాళ్ళుగా అరికాళ్ళు తిమ్మిరి, దూది మీద నడుస్తున్నట్టుంది, తలస్నానం చేస్తూ కళ్ళు మూసుకుంటే ఒరిగిపోయి గోడ పట్టుకోవాల్సి వస్తోంది అన్నాడు. డాక్టర్‌కి చూపించావా అంటే చూపించాడట, నడుం దగ్గర నరం నొక్కుకుపోయి ఉంటుందని ఎక్సర్‌సైజులు రాసిచ్చారు, బీ12 టెస్ట్ చేస్తే నార్మల్ వచ్చింది. గ్యాస్ సంగతి మాత్రం వీడు చెప్పలేదు, వీసాకి ఇబ్బందవుతుందని, బాబాయికి తెలిసిపోతుందని భయం.

ఇక్కడే మీ వాళ్ళు వినాల్సింది ఉంది. బీ12 విటమిన్ మధ్యలో కోబాల్ట్ ఉంటుంది, నైట్రస్ ఆక్సైడ్ పోయి ఆ కోబాల్ట్‌ని ఆక్సిడైజ్ చేస్తుంది, దాంతో ఆ బీ12 ఒంట్లో ఉంటుంది గానీ పని చెయ్యదు, మామూలు రక్త పరీక్షకి ఆ తేడా తెలీదు. అందుకే రిపోర్ట్ నార్మల్ వచ్చినా నమ్మడానికి లేదు, హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్ అని వేరే టెస్టులున్నాయి, వాటిల్లో తెలుస్తుంది. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర నిలబడాలంటే బీ12 పని చెయ్యాలి, అది ఆగిపోతే వెన్నుపాములో వెనక వైపు మొదట దెబ్బతింటుంది, ఆ దారి చేసే పనేంటంటే నీ పాదం ఎక్కడుందో నువ్వు చూడకుండానే మెదడుకి చెప్పడం. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు కళ్ళు ఆ లోటు కప్పేస్తాయి, మూసుకుంటే ఒరిగిపోతారు. వాడికి స్నానాల గదిలో జరిగింది అదే.

ఇంకొకటి, మన వాళ్ళకి ఇది ఇంకా తొందరగా తగులుతుంది. బీ12 మాంసం, చేపలు, గుడ్లు, పాలలోంచి రావాలి. మా వాడు గుడ్డు కూడా ముట్టడు, ఇంటి దగ్గర పిన్ని పాలు పెరుగు పెట్టేది, ఇక్కడికొచ్చాక ఆవకాయ, నూడుల్స్, బ్రెడ్. ముందే అడుగంటిపోయిన డబ్బా మీద ఇది పడింది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, ఎసిడిటీకి రోజూ ప్యాంటాప్రజోల్ ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళకి కూడా బీ12 తగ్గుతుంది. బీ12 బాగా తక్కువున్నవాళ్ళకి ఆపరేషన్‌లో మత్తు కోసం ఒకసారి వాడినా నరాల సమస్య వచ్చిన కేసులున్నాయి, కాబట్టి శాకాహారులు ఎవరైనా ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్‌కి ఆ మాట చెప్పండి. బీ12 మాత్ర వేసుకుని పీలిస్తే ఏం కాదు అని కుర్రాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారట, పీలుస్తూ ఉంటే మాత్రలో వచ్చింది కూడా అలాగే పాడవుతుంది, పైగా టెస్ట్ నార్మల్ చూపించి డాక్టర్‌ని తప్పుదారి పట్టిస్తుంది. మా వాడికి జరిగింది సరిగ్గా ఇదే, వాడు సూపర్ మార్కెట్లో కొన్న మాత్రలు వేసుకుంటున్నాడు.

ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను, దారిలో బస్సులో ఒకటే చెప్పాను, నువ్వు చెప్పకపోతే నేను చెప్తా అని. చెప్పాడు. ఆ డాక్టరమ్మ వయసు వాడికంటే ఎక్కువేం ఉండదు, ఒక్క మాట అనలేదు, పోలీసులకి గానీ ఇంటికి గానీ చెప్పడం మా పని కాదు, ఎన్ని సిలిండర్లు, ఎన్నాళ్ళు, ఆఖరిసారి ఎప్పుడు, అది చెప్పు చాలు అంది. ట్యూనింగ్ ఫోర్క్, అంటే కొడితే అదురుతూ మోగే లోహపు కడ్డీ, మోగించి కాలి బొటనవేలి మీద పెట్టింది, వాడు అదరట్లేదు కదా అన్నాడు, నాకు మూడడుగుల దూరంలో ఆ చప్పుడు వినపడుతోంది. తర్వాత ఎంఆర్ఐలో మెడ దగ్గర వెన్నుపాములో దెబ్బ కనపడింది. రోజు విడిచి రోజు హైడ్రాక్సోకోబాలమిన్, అంటే బీ12 ఇంజెక్షన్, బీట్‌రూట్ రసంలా ఎర్రగా ఉంటుంది, కొన్ని వారాల పాటు, తర్వాత రెండు నెలలకోసారి. గ్యాస్ మొత్తం మానేస్తేనే అవి పని చేస్తాయని మొదటి రోజే చెప్పారు.

బెలూన్‌లో ఆక్సిజన్ ఉండదు, పైన గుర్తుపెట్టుకోమన్నది అందుకే. వరసగా పీలిస్తే స్పృహ తప్పుతుంది, ముఖానికి కవర్లు మాస్కులు కట్టుకునో, తలుపులు బిగించిన కార్లోనో పీల్చి ఊపిరాడక చనిపోయినవాళ్ళున్నారు. సిలిండర్ నుంచి నేరుగా పీలిస్తే ఆ చలికి పెదాలు గొంతు కాలిపోతాయి, పెద్ద సిలిండర్ తొడల మధ్య పెట్టుకుని తొడలు బొబ్బలెక్కినవాళ్ళు ఇక్కడ బర్న్స్ వార్డులకి వస్తున్నారు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, మా వాడి గొడవ జరిగినప్పుడు లేదుగానీ 2023 నవంబర్ 8 నుంచి ఇక్కడ ఇది క్లాస్ సీ డ్రగ్, అంటే చట్టం కట్టడి చేసే మత్తుమందు. పీల్చడానికి దగ్గర పెట్టుకుంటే 2 ఏళ్ళ దాకా జైలు, ఇంకొకళ్ళకి ఇస్తే 14 ఏళ్ళ దాకా, అందరూ డబ్బులేసుకుని ఒకడు తెచ్చి పంచినా అది ఇవ్వడం కిందకే వస్తుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి కేసంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా కాళ్ళు చేతులు తిమ్మిర్లు, మెడ వంచితే వీపులో కరెంట్ పాకినట్టు ఉండటం, నడిస్తే తూలడం ఉంటే సోమవారం దాకా చూడొద్దు, ఇవాళే వెళ్ళమనండి, వెళ్ళి లాఫింగ్ గ్యాస్ అని నోరు తెరిచి చెప్పమనండి. వాళ్ళు చెప్పకపోతే మీరు వెంట వెళ్ళి చెప్పండి.

మా వాడికి మూడు నెలలకి నడక కుదురుకుంది, ఏడాదికి ఉద్యోగంలో చేరాడు. బొటనవేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయి, రాత్రి నీళ్ళకి లేచినా ముందు లైటు వేసుకుని పాదాలు చూసుకుంటూనే కింద పెడతాడు. మీ ప్రశ్న వాడికి పంపించాను, మీ వాళ్ళు ఒప్పుకుంటే ఫోన్‌లో మాట్లాడతానన్నాడు, కింద చెప్పండి కలుపుతాను.