థాయ్‌లాండ్, ఇటలీ ట్రిప్‌కి 249 గ్రాముల డ్రోన్ తీసుకెళ్లొచ్చా?

"చిత్తూరు నుంచి వెళ్తున్నాం. ముందు థాయ్‌లాండ్, వేసవిలో ఇటలీ. నా డ్రోన్ 249 గ్రాములే, ఏ దేశంలోనూ పర్మిషన్ అక్కర్లేదని షాపులో చెప్పారు, నిజమేనా?" అని అడిగారు. తీసుకెళ్లొచ్చు, కానీ షాపువాళ్ల మాట నమ్ముకుని వెళ్లకండి.

నాది తిరుపతిలో చిన్న ఫొటో స్టూడియో. ఊళ్లు తిరిగేటప్పుడు సరదాకి డ్రోన్ వెంట పెట్టుకుంటాను, మీరు చెప్పిన రెండు చోట్లా ఎగరేశాను.

ముందు ఆ బరువు సంగతి. మన డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల వరకూ ఉన్నది నానో అనే అన్నిటికంటే చిన్న తరగతి, దానికి పైలట్ సర్టిఫికెట్ అడగరు. అమెరికాలో సరదాకి ఎగరేసేవాళ్లకి ఆ బరువు లోపు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాకపోతే ట్రస్ట్ అనే ఉచిత ఆన్‌లైన్ పరీక్ష రాయాలి. షాపువాళ్లకి తెలిసింది అంతవరకే. జపాన్‌లో 2022 జూన్ నుంచి హద్దు 100 గ్రాములే. బ్రిటన్ కూడా 2026 జనవరి నుంచి 100 గ్రాములకి దిగింది. మీరు వెళ్లే రెండు దేశాల్లో అయితే ఎంత తేలికైనా సరే, కెమెరా ఉంటే రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. ఇంకో మాట, 249 గ్రాములన్నది మామూలు బ్యాటరీతోనే. డీజేఐ కంపెనీ మినీ మోడళ్లకి దొరికే ప్లస్ అనే పెద్ద బ్యాటరీ పెడితే 250 దాటిపోతుంది.

అసలు ఎక్కువ మంది ఇరుక్కునేది విదేశంలో కాదు, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్ట్‌లో. 2022 ఫిబ్రవరి 9 నుంచి మన దేశంలోకి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకి మాత్రం అనుమతితో తెచ్చుకోవచ్చు. విడిభాగాల మీద ఆ నిషేధం లేదు. అంటే మీ పాత డ్రోన్‌నే తీసుకెళ్లి తిరిగి తెచ్చినా, అది ఇక్కడి నుంచే వెళ్లిందని చూపించే కాగితం లేకపోతే కొత్తగా కొనుక్కొచ్చారా అన్న ప్రశ్న వస్తుంది. మాకు తెలిసిన ఒకబ్బాయి బయట చవగ్గా దొరికిందని కొత్తది కొనుక్కొచ్చాడు. వచ్చిన రోజే పట్టుకుని రసీదు చేతికిచ్చారు, డ్రోన్ ఇవ్వలేదు. డ్యూటీ కట్టేస్తానన్నా కుదరలేదు, నిషేధం ఉన్న వస్తువుకి డ్యూటీ మాటే రాదు.

ఆ కాగితం పేరు ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్. వెళ్లే రోజు ఎయిర్‌పోర్ట్‌లోనే కస్టమ్స్ వాళ్లు ఇస్తారు. మనకి ఎటూ మద్రాసో బెంగళూరో తప్పదు, రేణిగుంటలోని తిరుపతి ఎయిర్‌పోర్ట్ నుంచి విదేశాలకి విమానాలు లేవు కదా. నేను మద్రాసులో తీసుకున్నాను. బ్యాగు చెక్-ఇన్‌లో ఇచ్చేయక ముందే కస్టమ్స్ కౌంటర్ ఎక్కడని అడిగి వెళ్లండి, ఎందుకంటే వస్తువుని కళ్లతో చూసి, మోడల్, సీరియల్ నంబర్ రాసుకున్నాకే ముద్ర వేస్తారు. బిల్లు, పాస్‌పోర్ట్, టికెట్ చేతిలో ఉంచుకోండి. బిల్లు లేకుండా కొన్న డ్రోన్ అయితే నా సలహా, ఇంట్లోనే పెట్టి వెళ్లండి. నా పని తొందరగానే అయింది గానీ, అధికారి సీట్లో లేకపోతే వెతుక్కోవాలి. అందుకే చిత్తూరులో ఎక్కాల్సిన బస్సు కంటే రెండు బస్సులు ముందు ఎక్కండి. తిరిగొచ్చేటప్పుడు గ్రీన్ ఛానల్‌లో (చెప్పాల్సిన వస్తువులేవీ లేనివాళ్ల దారి) నడిచి వచ్చేయకుండా కస్టమ్స్ వాళ్లకి డిక్లేర్ చేసి ఈ సర్టిఫికెట్ చూపించాలి. ఒరిజినల్ పోగొట్టుకోకండి, ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

ఇక థాయ్‌లాండ్. అక్కడ రెండు ఆఫీసులున్నాయి. ఎన్‌బీటీసీ అనేది రేడియో సిగ్నల్ కోసం, సీఏఏటీ అనేది ఎగరేయడం కోసం. రెండింట్లోనూ నమోదు కావాలి. సీఏఏటీకి కనీసం 10 లక్షల బాత్‌ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ పాలసీ చూపించాలి. మన ట్రావెల్ ఇన్సూరెన్స్ పనికిరాదు, డ్రోన్‌కి విడిగా అక్కడ చెల్లేది తీసుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, కానీ విమానం ఎక్కే వారం మొదలుపెడితే కాదు. నేను నెల ముందే పెట్టాను, ఆ వ్యవధి ఉండబట్టే టెన్షన్ పడలేదు.

ఎగరేసేటప్పుడు 90 మీటర్ల ఎత్తు దాటకూడదు. ఎయిర్‌పోర్ట్‌కి 9 కిలోమీటర్ల లోపు ఎగరేయకూడదు. మనుషులకి, వాహనాలకి, భవనాలకి 30 మీటర్ల దూరం ఉండాలి, పగలు మాత్రమే. ఇవి విని ఫుకెట్ మ్యాప్ తెరిచి చూడండి, ఉత్తరం వైపు బీచ్‌లు ఎయిర్‌పోర్ట్‌కి ఎంత దగ్గరో తెలుస్తుంది. అందరూ రీల్స్ కోసం ఎగబడే మాయా బే అనే బీచ్ నేషనల్ పార్క్‌లో ఉంది, దానికి పార్కు వాళ్ల అనుమతి వేరే. యూట్యూబ్‌లో అంతమంది పెట్టారు కదా అంటారేమో, వాళ్లు పర్మిషన్ తీసుకున్నారో లేదో వీడియోలో కనిపించదు. ఇంకోటి, 2025 జులై చివర్లో కంబోడియాతో సరిహద్దు గొడవలప్పుడు థాయ్‌లాండ్ దేశమంతా డ్రోన్లు ఆపేసింది. అన్ని కాగితాలూ ఉన్నవాళ్లు కూడా బ్యాగులోంచి తీయలేదు. కాబట్టి బయలుదేరే ముందు సీఏఏటీ తాజా ప్రకటన ఒకసారి చూసుకోండి.

ఇటలీ దీనికంటే తేలిక. యూరోపియన్ యూనియన్‌లో మొదట ఏ దేశంలో ఎగరేస్తారో అక్కడ ఆపరేటర్‌గా రిజిస్టర్ అయితే ఆ నంబర్ మిగతా ఈయూ దేశాల్లోనూ చెల్లుతుంది. నంబర్‌ని డ్రోన్ మీద అంటించాలి. ఎత్తు 120 మీటర్ల వరకు, డ్రోన్ కంటికి కనిపిస్తుండాలి, గుంపుల మీద ఎగరేయకూడదు. ఎక్కడ ఎగరేయొచ్చో మాత్రం ఏ దేశం మ్యాప్ ఆ దేశానిదే, ఇటలీకి డీ-ఫ్లైట్ అనే వెబ్‌సైట్ ఉంది. రోమ్, ఫ్లోరెన్స్ లాంటి చోట్ల కోరిక చంపుకోవడమే మేలు. పల్లెల వైపు వెళ్తే ఇబ్బంది లేకుండా మంచి షాట్లు వస్తాయి, నాకైతే అవే ఎక్కువ నచ్చాయి.

మీ యాప్ ఎగరనిచ్చింది కదా అని పర్మిషన్ ఉన్నట్టు కాదు. డీజేఐ వాళ్లు యూరప్‌లోనూ, 2025 జనవరి నుంచి అమెరికాలోనూ నిషేధిత చోట్ల డ్రోన్‌ని లేవనివ్వని తమ పాత నో-ఫ్లై లాక్‌ని తీసేసి హెచ్చరికలతో సరిపెట్టారు. లాక్ లేకపోయినా రూల్ ఉంటుంది.

బ్యాటరీలు ఎప్పుడూ చేతి బ్యాగులోనే, విడి బ్యాటరీలు చెక్-ఇన్‌లో పెట్టనివ్వరు. బ్యాటరీల లోహపు కొనలు ఒకదానికొకటి తగలకుండా కవర్లో పెట్టండి. మినీలాంటి వాటి బ్యాటరీ 20 వాట్-అవర్ల లోపే, 100 వరకూ ఎయిర్‌లైన్ అనుమతి అవసరం రాదు.

మొరాకో, ఈజిప్ట్ ఎప్పుడైనా కలుపుకునే ఆలోచన ఉంటే ఆ ట్రిప్‌కి డ్రోన్ వద్దు, దిగిన చోటే తీసేసుకుంటారు.

ప్రాక్టీస్ ఎక్కడ అని కూడా అడిగారు. తిరుమల వైపు ఆలోచనే పెట్టుకోకండి. చిత్తూరు చుట్టుపక్కల పొలాలు బోలెడు, ప్రభుత్వ డిజిటల్ స్కై సైట్ మ్యాప్‌లో గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) చూసుకుని అక్కడ ప్రాక్టీస్ చేసుకోండి.

చివరి ప్రశ్న, ఫుకెట్‌లో మీ స్నేహితుడి పెళ్లి షూట్ డబ్బులకి చేసి పెట్టడం. దానికి నేను వద్దంటాను. డబ్బు తీసుకుంటే అది ఉద్యోగం కింద లెక్క, టూరిస్టుగా వెళ్లి చేయకూడదు. అక్కడి లైసెన్సున్న డ్రోన్ ఆపరేటర్‌ని పెట్టుకోమని మీ స్నేహితుడికి చెప్పండి, మీరు హాయిగా పెళ్లి భోజనం చేసి రండి.