సీఏపీడీ చేసుకుంటున్న మామను, ఇంటి కుక్కను తీసుకుని తిరుపతి నుంచి బెంగళూరుకు కార్లో వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చమ్మా. మీరు రాసిన దాన్నిబట్టి మీ మామకు ఇంట్లోనే పొట్ట డయాలిసిస్ (సీఏపీడీ అంటే అదే), అంటే ట్యూబుతో పొట్టలోకి డయాలిసిస్ నీళ్ళు ఎక్కించి, కొన్ని గంటల తర్వాత దించి మార్చడం, రోజుకు నాలుగు బ్యాగులు. బెంగళూరులో మీ ఆడబిడ్డ గృహప్రవేశం. కుక్కను వదిలిపెట్టడానికి తిరుపతిలో ఎవరూ లేరు, అది రాకపోతే తానూ రానని ఆయన పట్టు. ఇన్‌ఫెక్షన్ వస్తుందేమోనని ఇంట్లోవాళ్ళకు టెన్షన్. మా ఆయన చాలా ఏళ్ళుగా సీఏపీడీలోనే ఉన్నారు. మా నాటు కుక్క బుడ్డోడిని వెనక సీట్లో ఎక్కించుకుని ఇదే దారిలో బెంగళూరులో ఉన్న మా మరిది ఇంటికి పోయొస్తుంటాం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. బ్యాగుల టైములు, వాటిలో గ్లూకోజు శాతాలు మార్చే విషయం మాత్రం మీ డాక్టరు చెప్పినట్టే చేయండి.

ముందు అసలు షరతు. బ్యాగు మార్చేటప్పుడు కుక్క ఆ గదిలో ఉండకూడదు. మంచం కింద కూడా వద్దు, ఓ మూల కట్టేసినా వద్దు. తలుపు అవతలే ఉండాలి, అక్కడ దాని దగ్గర ఒక మనిషి ఉండాలి. అంటే మామకు సాయం చేసేవాళ్ళు ఒకరు, కుక్కను పట్టుకునేవాళ్ళు ఇంకొకరు. కారు నడిపేవాళ్ళు ఈ రెండింట్లో ఒక పని చేయొచ్చు కానీ, ఒక్కరే రెండు పనులూ చేయడం కుదరదు. ఇద్దరు ఆరోగ్యవంతులు తోడుంటేనే బయల్దేరండి. ఒక్కరే అయితే ఈసారికి కుక్కను తీసుకెళ్ళొద్దనే చెప్తాను.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ ట్యూబు నేరుగా కడుపు లోపలి పొరలోకి వెళ్తుంది. బ్యాగు తగిలించేటప్పుడు, తీసేటప్పుడు కొద్ది సెకన్లపాటు దాని మూతి తెరుచుకునే ఉంటుంది. ఒక వెంట్రుక, కుక్క నాకిన చేయి, ఫ్యాను లేపిన దుమ్ము, ఏదైనా ఆ కాస్త టైములోనే లోపలికి చేరుతుంది. కుక్కల, పిల్లుల నోట్లో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది. పెంపుడు జంతువు ట్యూబు కొరకడంవల్ల ఆ క్రిమి చేరి పెరిటొనైటిస్ (కడుపు లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్) వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పిల్లులవల్ల వచ్చినవే ఎక్కువ, కుక్కలవీ ఉన్నాయి. కుక్కను పెంచుకోవద్దని మా డాక్టరు ఎప్పుడూ అనలేదు. బ్యాగు మార్చే గదికి, మంచం మీదికి రానివ్వద్దన్నారు, అంతే.

ఇక టైము. ఇందులో సీఏపీడీ వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఒకసారి నీళ్ళు ఎక్కించాక నాలుగు నుంచి ఆరు గంటలు లోపలే ఉంటాయి కదా, తిరుపతి నుంచి బెంగళూరు సుమారు 250 కిలోమీటర్లు, సరిగ్గా ఆ సందులో పడుతుంది. మేం పొద్దున ఐదింటికి ఇంట్లోనే మొదటి బ్యాగు కానిచ్చి ఆరు లోపల బండి తీస్తాం. చంద్రగిరి, పూతలపట్టు, చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా పదకొండున్నరకల్లా మరిది ఇంట్లో ఉంటాం. రెండో బ్యాగు అక్కడే. దారిలో బ్యాగు మార్చే పనే ఉండదు. కార్లోనే మార్చుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అద్దాలెత్తి, ఏసీ ఆపి, హ్యాండిల్‌కు బ్యాగు తగిలించి. కుక్క ఎక్కిన కార్లో నేనైతే ఆ పని చేయను. సీట్ల నిండా దాని బొచ్చే ఉంటుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే? గంటా రెండు గంటలు ఆలస్యమైనా ఫర్వాలేదని మా డాక్టరు ముందే చెప్పి ఉన్నారు. మీరూ బయల్దేరే ముందు ఈ ఒక్క మాట అడిగి పెట్టుకోండి, దారిలో కంగారు తగ్గుతుంది.

పీలేరు, మదనపల్లె మీదుగా కూడా పోవచ్చు గానీ భాకరాపేట ఘాట్లో మలుపులెక్కువ. కడుపులో రెండు లీటర్ల నీళ్ళతో కూర్చున్న మనిషికి, కార్లో వాంతి చేసుకునే కుక్కకు ఆ దారి మంచిది కాదు. చిత్తూరు దారిలోనూ పలమనేరుకు ముందు మొగిలి ఘాటు ఉంది, అయితే రోడ్డు వెడల్పు, నెమ్మదిగా పోతే ఇబ్బంది లేదు. ఘాటెక్కకముందే బంగారుపాళెం దగ్గర ఆపి కుక్కను నడిపించండి, నీళ్ళు పట్టండి. మళ్ళీ ముళబాగిలు దాటాక ఒకసారి. దాబాల దగ్గర ఊరకుక్కలు మీద పడతాయి, డోరు తీయకముందే గొలుసు చేతికి చుట్టుకోండి. మామ కూడా దిగి నాలుగడుగులు వేస్తే నడుం పట్టేయకుండా ఉంటుంది. గొలుసు మాత్రం ఆయన చేతికి ఇవ్వొద్దు. ఊరకుక్కను చూసి అది ఒక్క గుంజు గుంజితే ఆయన పడిపోతారు. నడుం నొప్పి అంటే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు అడిగి వేయకండి. డయాలిసిస్‌లో ఉన్నా కొందరికి మూత్రం ఇంకా కొంత వస్తుంటుంది, ఆ కాస్తనూ ఆ బిళ్ళలు దెబ్బతీయగలవు.

కార్లో ఎవరెక్కడ కూర్చోవాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. మామ ముందు సీట్లో, కుక్క వెనక సీట్లో. మెడ పట్టీకి కాకుండా ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేసి, దాన్ని సీటు బెల్టుకు బిగించండి. ఇదెంత అవసరమో బ్రేకు పడ్డప్పుడు తెలుస్తుంది. పాతిక కిలోల కుక్క ముందుకు దూకి ఆయన ఒళ్ళో పడితే ట్యూబు లాగేస్తుంది. ట్యూబు బయటికి వచ్చే చోట డ్రెస్సింగు గుడ్డ, టేపు వేసి, పైన మెత్తటి నడుం పట్టీ కట్టి ఉంచండి. సీటు బెల్టు కింది పట్టీ పొట్ట మీదుగా పోకుండా తొడల మొదట్లో తుంటి ఎముకల మీద ఆనాలి. పంచెకన్నా నాడా వదులుగా ఉండే పైజమా నయం.

బ్యాగులకు డిక్కీలో చోటు చూసుకోండి. రోజుకు నాలుగు, ఎన్ని రోజులుంటే అన్ని నాలుగులు, పైన ఇంకో రోజుకు సరిపడా. మీ మామకు 1.5 శాతం గ్లూకోజు బ్యాగులు మాత్రమే వాడుతున్నా, 2.5 శాతంవి రెండు పెట్టమంటారేమో డాక్టరును అడగండి. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాల్లో ఉప్పు ఎక్కువై ఒళ్ళు నీరు పడితే అప్పుడు నీరు ఎక్కువ లాగే ఆ బ్యాగులు కావాల్సి వస్తాయి. కాకపోతే ఎప్పుడు వాడాలో కూడా ఆయనే చెప్పాలి. బ్యాగులతోపాటు మినీ క్యాపులు (ట్యూబు కొనకు బిగించే మూతలు), క్లాంపులు (ట్యూబును నొక్కి మూసేవి), మాస్కులు, సబ్బు, శానిటైజరు, వేలాడదీసే కొక్కెం, తూకం చూసే స్ప్రింగు కాటా, బీపీ మిషను, రోజూ రాసే పుస్తకం. మినీ క్యాపులు లెక్కకన్నా ఎక్కువే పెట్టుకోండి, ఒకటి చేయి జారి కింద పడితే మళ్ళీ వాడకూడదు. ఒక పూటకు సరిపడా సామాను వేరే సంచిలో కట్టి మీ కాళ్ళ దగ్గర పెట్టుకోండి. ఇవన్నీ మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాల్లో ఉండాలి, కుక్క గోరు తగిలితే బ్యాగు కవరు చిరుగుతుంది. ఎండాకాలంలో మన వైపు కారును బయట నిలిపితే లోపల కొలిమే. బ్యాగులను అందులో వదలకండి, కుక్కను అసలే వదలకండి. బ్యాగు వెచ్చబెట్టడానికి వేడినీళ్ళలో ముంచడం, మైక్రోవేవ్‌లో పెట్టడం చేయొద్దు. ఇంట్లో వాడే హీటింగ్ ప్యాడే వెంట తెచ్చుకోండి.

ఆడబిడ్డ ఇంటి సంగతి మీరు రెండు ముక్కల్లో తేల్చేశారు గానీ, నాకైతే దారికన్నా దాని గురించే ఎక్కువ ఆలోచన. కొత్త ఇల్లు, నిండా చుట్టాలు, హోమం పొగ, పిల్లలు, దానికి తోడు కుక్క. ఇప్పుడే ఫోన్ చేసి మామ కోసం ఒక గది అడగండి. లోపల గడియ ఉండాలి, కమోడ్ ఉన్న బాత్‌రూమ్ ఆనుకుని ఉంటే మేలు. ఎవరి సూట్‌కేసులూ ఆ గదిలో పెట్టనివ్వొద్దు. కుక్క ఆ గది గడప ఒక్కసారి కూడా తొక్కకూడదు, మొదటిరోజు నుంచే.

మా మరిది ఇంట్లో మేం చేసే పద్ధతి చెప్తాను. తడిబట్టతో బల్ల తుడుస్తాను. కిటికీలు మూసి ఫ్యాను ఆపేస్తాను. ఆయన, నేను మాస్కులు కట్టుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడిగి కొత్త టవలుతో తుడుచుకుంటాం. బ్యాగు కవరు విప్పాక తేదీ, శాతం చూసి, రెండు అరచేతుల మధ్య గట్టిగా నొక్కి ఎక్కడైనా చుక్క కారుతోందా అని చూస్తాను. ఆ తర్వాతే తగిలించడం. పాత నీళ్ళు దిగడానికి ఇరవై నిమిషాలు, కొత్తవి ఎక్కడానికి పది. ఆ అరగంటా బుడ్డోడు తలుపు బయట కాలితో గీకుతూ కుయ్‌కుయ్‌మంటుంటాడు. ఆయన లోపల్నుంచి ‘వస్తాన్రా, ఉండు’ అంటారు. మరిది కొడుకు వాడిని మేడ మీదికి తీసుకుపోతాడు. అన్నీ అయి, మినీ క్యాపు బిగించి, ట్యూబు పట్టీలో పెట్టాకే తలుపు తీసేది.

దిగిన నీళ్ళ బ్యాగును దినపత్రిక మీద పరిచి చూడండి. కింద అక్షరాలు చదవడానికి వస్తే మంచిది. మసగ్గా, గంజిలా ఉంటే అది ప్రమాదం. కడుపునొప్పి, జ్వరం లేకపోయినా సరే, రేపు చూద్దామనుకోవద్దు. వెంటనే మీ పీడీ (పొట్ట డయాలిసిస్) నర్సుకు ఫోన్ చేసి, ఆ బ్యాగును పారబోయకుండా పట్టుకుని కిడ్నీ డాక్టరున్న ఆసుపత్రికి వెళ్ళండి. దానితో పరీక్ష చేస్తారు. ట్యూబు చిరిగినా, కుక్క పన్ను పడినా, కొన ఊడి కింద తగిలినా ఇంతే. చిరిగిన చోటికీ పొట్టకూ మధ్య క్లాంపు వేసి, బ్యాగు తగిలించకుండా ఆసుపత్రికి. కాబట్టి బయల్దేరే ముందే బెంగళూరులో పీడీ చేసే ఆసుపత్రి ఏది దగ్గరో మీ నర్సునడిగి నంబరు రాసుకోండి. దారిలో అయితే చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రి నలభై కిలోమీటర్ల లోపే. ఇటువైపు ఉంటే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి వెనక్కి రావచ్చు. డాక్టరు రాసిచ్చిన చీటీ, మందుల జాబితా, ఈమధ్య చేయించిన రిపోర్టులు ఒక ఫైల్లో పెట్టుకోండి.

మంచిగా ఉన్న నీళ్ళను కమోడ్‌లో పోసి, ఖాళీ బ్యాగును రెండు కవర్లలో ముడేసి ఎత్తులో పెట్టండి. ఆ నీళ్ళలో గ్లూకోజు ఉంటుంది, కుక్క చెత్తబుట్ట లాగి నాకుతుంది.

లాడ్జిలో దిగాల్సి వస్తే కుక్క ఉందన్న సంగతి, డయాలిసిస్ సంగతి రెండూ ముందే చెప్పి, సరేనన్నారని మెసేజ్ పెట్టించుకోండి. ఒకచోట మాకు ఫోన్లో సరేనని, తీరా సామాను దించాక కుక్కను పార్కింగులో కట్టేయమన్నారు. ఆయన బ్యాగు టైము దగ్గరపడుతోంది. ఆ వేళ నేను పడ్డ బాధ ఇంకెవరికీ రాకూడదు. మీకు ఆడబిడ్డ ఇల్లు ఉంది కాబట్టి అదృష్టం.

తిండి విషయంలో ఎక్కువ చెప్పక్కర్లేదు, ఇంట్లో మీకు అలవాటే. ఇడ్లీ, ఉడికించిన గుడ్లు కట్టుకుపొండి. ఈ డయాలిసిస్‌లో నీళ్ళతోపాటు ప్రోటీను పోతుంది కాబట్టి గుడ్డు తప్పనిసరి. ఊరగాయ, సాంబారు తగ్గించండి. మామిడి సీజనులో బంగారుపాళెం పక్క రోడ్డు పొడుగునా కాయలే. పొట్ట డయాలిసిస్ వాళ్ళకు పొటాషియం పట్టింపు రక్త డయాలిసిస్ వాళ్ళంత ఉండకపోవచ్చు, అయినా పోయిన నెల రిపోర్టు చూసుకునే కాయ కోయండి.

కుక్కకు రేబిస్ టీకాతోపాటు లెప్టో టీకా పడిందో లేదో కార్డులో చూడండి. ఎలుక జ్వరం అంటామే, అదే. కుక్క మూత్రం ద్వారా మనుషులకూ అంటుకోగలదు, కిడ్నీల మీదే దెబ్బ కొడుతుంది. కిడ్నీ జబ్బు మనిషి ఉన్న ఇంట్లో ఈ టీకా తప్పనివ్వకండి. రెండ్రోజుల ముందు గోళ్ళు కత్తిరించి, స్నానం చేయించి, చెవుల వెనక గోమార్లు లేకుండా చూడండి. బయల్దేరే రోజు పొద్దున దానికి అన్నం పెట్టొద్దు, నీళ్ళు చాలు. ఆకలికి ఉంటుందని జాలి పడతారేమో, నిండు కడుపుతో ఘాటెక్కితేనే దానికి ఎక్కువ బాధ.

‘కుక్క కోసం ఇంత అవస్థ ఎందుకు’ అని మీ ఇంట్లో అంటున్నారని రాశారు. మా ఇంట్లోనూ అన్నారు. పొట్టలో ట్యూబు పెట్టాక కొన్నాళ్ళు మా ఆయన గడప దాటలేదు. ఎవరైనా చూస్తారని సిగ్గు, ఏదైనా అవుతుందని భయం. బుడ్డోడు గొలుసు నోట కరుచుకొచ్చి ఎదురుగా నిలబడితే కాదనలేక సందు చివరిదాకా నడవడం మొదలుపెట్టారు. ఇప్పుడు పొద్దునా సాయంత్రం నడుస్తారు. మీ మామ అది లేనిదే రానంటున్నారంటే మొండితనం అనుకోవద్దు.

మీ కుక్క వయసెంతో, ఇంతకుముందు కారెక్కిందో లేదో రాయలేదు. ఎక్కకపోతే వచ్చే ఆదివారమే చంద్రగిరి కోట దాకా తీసుకెళ్ళి రండి, మామను కూడా ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, పొద్దుటి బ్యాగు అయ్యాక. సీటు బెల్టు ఆయనకెక్కడ ఒత్తుతోందో, కుక్క హార్నెస్‌లో ఎంతసేపు కుదురుగా ఉంటుందో తెలిసిపోతుంది. వాంతి చేసుకుంటే పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించండి, ప్రయాణానికి ముందు వేసే మందు రాసిస్తారు.