మిషన్ చూపిన కర్కుమిన్ శాతం నమ్మొచ్చా?

ప్రశ్న: పసుపు ఉడకబెట్టి ఆరబోసి బస్తాలకెత్తాను. మందుల తయారీకి కొంటామని వచ్చినవాళ్లు చేతి మిషన్‌ను కొమ్ములకు ఆనించి, ఒక బస్తాకు 3.6, ఇంకోదానికి 3.2 శాతం కర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) అన్నారు. రెండూ ఒకే చేనువి. తక్కువ అంకె పట్టుకునే ధర కడుతున్నారు. ఏం చేయాలి?
– ఓ రైతు, ఆర్మూర్, నిజామాబాద్ జిల్లా

జవాబు: మిషన్ మోసమని అనుకోవద్దు. అలాగని ఒక్క అంకెకే ఒప్పుకోవద్దు. అది కంటికి కనిపించని పరారుణ కాంతిని కొమ్ము మీద వేసి, ఎంత వెనక్కి వచ్చిందో చూస్తుంది. ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీతో (పదార్థాలను విడదీసి కొలిచే పరీక్షతో) ముందే కొలిచిన నమూనాల లెక్కతో పోల్చి శాతం అంచనా కడుతుంది. తమిళనాడులోని ఈరోడ్ పసుపుతో మాత్రమే లెక్క నేర్పిన మిషన్ మీ పసుపు దగ్గర తడబడొచ్చు. ఏ పసుపుతో నేర్పారో అడగండి.

నా మొదటి అనుమానం మాత్రం తేమ మీదే. నీరు 1450, 1940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర ఈ కాంతిని గట్టిగా పీల్చేస్తుంది. బరువులో శాతం లెక్క కూడా మారుతుంది. పూర్తిగా ఎండిన పసుపులో 4 శాతం కర్కుమిన్ ఉంటే, 10 శాతం తేమతో అదే 3.6, 20 శాతం తేమతో 3.2. కర్కుమిన్ ఎక్కడికీ పోలేదు, నీళ్లు కలిశాయంతే! తక్కువ వచ్చిన బస్తాలోంచి నాలుగు కొమ్ములు విరిచి చూడండి. ఖంగుమనకుండా వంగితే ఇంకా ఆరాలి.

ఇక కొమ్ముకు ఆనించి చూడటం. ఆ కాంతి లోపలిదాకా పోదు, పైపొట్టు వేరు, లోపలి కండ వేరు. పొడి చేసి చూడమని పట్టుబట్టండి. పది బస్తాల్లో పైన, మధ్యన, అడుగున గుప్పెడు చొప్పున తీసి కలిపి, ఆరబెట్టి పొడి కొట్టించండి. కొమ్ములు, మండ (తల్లి దుంప) కలపొద్దు. అందులో సగం గాలి, వెలుతురు తగలకుండా మీ దగ్గర ఉంచుకోండి. వెలుతురుకు కర్కుమిన్ తగ్గుతుంది. ఒకే పొడిని మూడుసార్లు చూపించి సగటు తీయించండి.

అప్పటికీ పేచీ ఉంటే, దాచిన పొడిని గుంటూరులోని స్పైసెస్ బోర్డు ల్యాబ్‌కు పంపండి. సరుకు ఎక్కువుంటే ఆ పరీక్ష ఖర్చు దండగ కాదు. బేరం కాగితం మీద ‘తేమ తీసేసిన లెక్కన’ అన్న మాట రాయించుకున్నాకే బస్తాలు కదపండి.