నాన్నగారి పౌరహక్కుల కాగితాలు ఎవరికివ్వాలి? ముందు పాత పేపర్ల వాడికి మాత్రం వేయకండి

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు ఎమర్జెన్సీ తర్వాత నుంచి పౌరహక్కుల సంఘంలో పనిచేశారు, ఆయన పోయాక ఒక బీరువా నిండా కరపత్రాలు, ఉత్తరాలు, కోర్టు కాగితాలు, క్యాసెట్లు మిగిలాయి, ఇల్లు ఖాళీ చేయాలి, తమ్ముడేమో పాత పేపర్ల వాడికి వేసేద్దామంటున్నాడు, వీటికి నిజంగా విలువ ఉందా, ఉంటే ఎవరికి ఇవ్వాలి అని.

వేయకండి. ఓనర్ తొందరపెడుతుంటే కొన్నాళ్లు చుట్టాలింట్లో అట్టపెట్టెల్లో పెట్టండి గానీ కిలోల లెక్కన పోనివ్వకండి. మా మేనమామ ఉత్తర తెలంగాణలో ఒక చిన్న ఊళ్లో వకీలుగా ఉంటూ ఇదే పని చేశాడు. ఆయన పోయాక ఆ కాగితాలన్నీ మా అత్తమ్మ, నేను కూర్చుని సర్దాం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ప్రభుత్వం దగ్గర రికార్డు ఉంటుంది కదా, మన ఇంట్లోవి ఎందుకు అని చాలామంది అంటారు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, మొఘలుల కాలం నుంచి నిజాం సర్కారు దాకా దస్త్రాలు అక్కడ ఉన్నాయి, వాటి విలువ కాదనను. కానీ సర్కారు ఫైళ్లలో ఉండేది సర్కారు రాసుకున్నది. ఒక ఎన్‌కౌంటర్ జరిగిందనుకోండి, స్టేషన్‌లో రాసే ఎఫ్‌ఐఆర్‌లో చనిపోయినవాడే ముద్దాయి. పోలీసుల మీద హత్యాయత్నం చేశాడు, ఆత్మరక్షణ కోసం కాల్చాం, అంతే. రేపెప్పుడో ఎవరైనా ఆ ఫైలు ఒక్కటే తెరిస్తే వాళ్లకు తెలిసేదీ అంతే.

గిరాయిపల్లి సంగతే చూడండి. 1975 జులైలో, ఎమర్జెన్సీ పెట్టిన నెలకే, నలుగురు యువకులు మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో ఎదురుకాల్పుల్లో చనిపోయారని ప్రకటించారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడిన తార్కుండే కమిటీ (పౌరహక్కుల వకీలు కన్నబిరాన్ గారు కూడా అందులో ఉన్నారు) సాక్షులతో మాట్లాడి, ఆ పిల్లల్ని ముందే పట్టుకుని, చెట్లకు కట్టేసి కాల్చారని తేల్చింది. దాంతో ప్రభుత్వానికి జస్టిస్ భార్గవ కమిషన్ వేయక తప్పలేదు. మధ్యలో ఆ విచారణను బహిరంగంగా కాకుండా తలుపులేసి జరుపుతామనేసరికి పౌరహక్కుల వాళ్లు బయటికొచ్చేశారు. అంటే సర్కారు వైపు నుంచి ముగింపే లేని ఆ కథలో మనకు మిగిలింది సాక్షుల వాంగ్మూలాలు, ఆ కమిటీ రాసిపెట్టిన కాగితాలు. అవి కూడా ఎవరో ఒకరు దాచబట్టి మిగిలాయి.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న గోండుల సభ మీద కాల్పులు జరిగితే సర్కారు లెక్క 13 మంది. తర్వాత గూడేలు తిరిగి వచ్చినవాళ్లు చెప్పిన లెక్క దానికి ఎన్నో రెట్లు. ఏ గూడెంలో ఎవరు ఇంటికి తిరిగి రాలేదో పేర్లతో రాసుకున్న ఒక పేజీ ఎక్కడైనా ఉంటేనే ఆ తేడా గురించి గట్టిగా మాట్లాడగలం. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు, ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ హైకోర్టు తీర్పు మాత్రమే చదివేవాడికి ఆ ఎనిమిది మందిని ఎవరూ చంపనట్టే! కారంచేడు, చుండూరు, ఇంద్రవెల్లి... వీటి గురించి మన జిల్లాల్లో ఎవరెవరి బీరువాల్లో ఏమేం ఉన్నాయో ఇప్పటికీ ఒకచోట లెక్క లేదంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మామ కాగితాల్లో నన్ను ఎక్కువ కదిలించింది అచ్చయిన నివేదికలు కావు, టెలిగ్రామ్ రసీదులు. ఎవరినైనా మఫ్టీ పోలీసులు జీపెక్కించి తీసుకెళ్తే ఇంట్లోవాళ్లు ముందు పరుగెత్తుకొచ్చేది మా మామలాంటి వాళ్ల దగ్గరికే. ఆయన చేసే మొదటి పని పోస్టాఫీసుకు వెళ్లి హైకోర్టు చీఫ్ జస్టిస్‌కు, హోం సెక్రటరీకి టెలిగ్రామ్ కొట్టడం. ఫలానా మనిషిని ఫలానా చోట పట్టుకున్నారు, ప్రాణానికి ముప్పుంది, కోర్టులో హాజరుపరచమనండి, ఇంతే అందులో ఉండేది. రసీదు మీద తేదీ, పోస్టాఫీసు ముద్ర ఉంటాయి కదా. ఆ తర్వాత అదే మనిషి అడవిలో ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పేపర్లో వస్తే, అతన్ని అంతకుముందే పట్టుకున్నారని అతని మనుషులు మొత్తుకున్నట్టు చూపించేది ఆ చిన్న రసీదే. మామ ఒక్కో రసీదుకు ఆ తర్వాత వచ్చిన పేపర్ కటింగును గుండుసూదితో గుచ్చి పెట్టాడు. కొన్ని రసీదులకు కటింగు లేదు, బెయిలు కాగితం ఉంది. అంటే ఆ మనిషిని కోర్టుకు తెచ్చారు, బతికాడు. అలాంటిది చేతికి వచ్చినప్పుడల్లా అత్తమ్మ ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో, పిల్లలేం చేస్తున్నారో చెప్పేది. 2013 జులైలో టెలిగ్రామ్ సర్వీసే మూసేశారు, ఇప్పటి పిల్లలకు ఇలా ఒక కాగితం ముక్కతో మనిషిని కాపాడుకునే ప్రయత్నం జరిగేదని తెలిసే దారే లేదు.

దీన్నిబట్టి మీకు చెప్పదలచుకున్నది ఒకటే. కాగితాలను రకాలవారీగా విడదీయకండి. ఉత్తరాలన్నీ ఒక కట్ట, కటింగులన్నీ ఇంకో కట్ట, ఫోటోలన్నీ ఆల్బమ్‌లోకి అని సర్దాలని చేతులు లాగుతాయి, చూడటానికి కూడా శుభ్రంగా ఉంటుంది. కానీ ఆ రసీదుకూ కటింగుకూ మధ్య ఉన్న గుండుసూదిలోనే సాక్ష్యమంతా ఉంది, విడదీస్తే రెండూ మామూలు చెత్తకాగితాలు అయిపోతాయి. ముట్టుకునే ముందు బీరువాలో ప్రతి అరనూ ఫోన్‌తో ఫోటో తీయండి. ఏ ఫైలు పక్కన ఏ ఫైలుందో, అట్ట మీద నాన్నగారు ఏం రాశారో, అదంతా అలాగే ఉండాలి. సూదులు, స్టేప్లర్ పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి కాబట్టి తీయాల్సిందే, తీసేటప్పుడు ఏది దేనికి గుచ్చి ఉందో ఫోటో తీసి, ఆ రెండిటినీ ఒకే కాగితపు కవర్లో పెట్టి మీద పెన్సిల్‌తో రాయండి.

ఏది ముఖ్యం, ఏది కాదు అని ఇప్పుడే తేల్చకండి. అచ్చయిన నిజనిర్ధారణ నివేదిక వందల కాపీలు వేసి ఉంటారు, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆ నివేదిక రాయడానికి ముందు ఊళ్లో అరుగు మీద కూర్చుని గబగబా గీసుకున్న నోటుబుక్కు మాత్రం ప్రపంచంలో ఒక్కటే. అందులో నివేదికలోకి ఎక్కని మాటలుంటాయి, కొట్టేసిన పేర్లుంటాయి, ఊరి పటం గీసి ఉంటుంది. చందాల పుస్తకం కూడా దాచండి, సంఘానికి ఆ ఊళ్లో ఎవరు రెండు రూపాయలిచ్చారో, టీచర్లెంతమంది, బీడీ కార్మికులెంతమంది అన్నది ఏ చరిత్ర పుస్తకంలోనూ దొరకదు.

కాగితాల కంటే తొందరగా పోయేది మనుషులు. మీ అమ్మగారు, నాన్నగారి స్నేహితులు ఇంకా ఉన్నారంటే స్కానింగ్ సంగతి తర్వాత, ముందు వాళ్లతో కూర్చోండి. ఒక్కో ఫోటో చూపించి ఎవరు, ఎక్కడ, ఏ సందర్భం అని అడుగుతూ ఫోన్‌లో రికార్డు చేయండి. మా అత్తమ్మను మొదట ఎవరూ ఏమీ అడగలేదు, ఆమెకేం తెలుసులే అనుకున్నారు. తీరా చూస్తే సంతకం లేని ఉత్తరాల్లో చేతిరాత ఎవరిదో చెప్పింది ఆమే, స్టెన్సిల్ కోసిందెవరు, సైక్లోస్టైల్ (స్టెన్సిల్‌తో కాపీలు తీసే యంత్రం) తిప్పిందెవరు, హైదరాబాద్ నుంచి వచ్చిన కమిటీలో ఎవరు ఎన్ని రోజులు ఇంట్లో ఉన్నారు, అన్నీ ఆమెకు గుర్తే, ఎందుకంటే వాళ్లందరికీ వండిపెట్టింది ఆమె కాబట్టి. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి వాళ్ల మాటల్నే రికార్డు చేసి 1986లో పుస్తకంగా తేబట్టి, చిట్యాల ఐలమ్మ లాంటివాళ్ల గొంతు మనకు దక్కింది. పౌరహక్కుల ఉద్యమం ఇళ్లలో ఆడవాళ్ల విషయంలో ఆ పని ఇంకా సరిగ్గా మొదలే కాలేదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి, దీనికి మాత్రం తొందరపడొద్దు. ఉత్సాహంలో మొత్తం స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టేయకండి. ఆ నోటుబుక్కుల్లో నాన్నగారిని నమ్మి, భయపడుతూ భయపడుతూ మాట్లాడినవాళ్ల పేర్లుంటాయి, వాళ్లలో కొందరు ఇవాళ్టికీ అదే ఊళ్లో, తాము ఎవరి మీద చెప్పారో వాళ్ల ఇళ్ల పక్కనే బతుకుతుంటారు. అత్యాచార బాధితుల పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం చట్టప్రకారం నేరం కూడా. మేం కాగితాలను చూస్తున్నప్పుడే అలాంటివి వేరే రంగు కవర్లలో పెట్టి, ఇన్నేళ్ల దాకా తెరవకూడదని మీద రాశాం. ఉత్తరాల విషయంలోనూ ఒకటి గుర్తుంచుకోండి, కాగితం మీ దగ్గరున్నా కాపీరైటు రాసినవాళ్లది, వాళ్లు పోయాక వాళ్ల వారసులది. దాచడానికి అడ్డేమీ లేదు, అచ్చు వేయడానికే అడగాలి.

భద్రపరచడం గురించి ఎక్కువ చెప్పను. లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. చెమ్మ తగలని, నేల నుంచి ఎత్తులో ఉన్న చోట పెట్టండి. స్కాన్ చేస్తే కాగితాలకు 300 డీపీఐ, ఫోటోలకు 600 పెట్టుకోండి, ఫైలు పేరులో తేదీ, ఊరు రాయండి. క్యాసెట్లను ఇంట్లో పాత టేప్‌రికార్డర్‌లో వేసి చూడకండి, టేపు బూజుపట్టి ఉంటే అందులో చుట్టుకుని తెగుతుంది. ఆడియో స్టూడియో వాళ్లకిచ్చి ఒకేసారి కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

ఇక ఎవరికివ్వాలి. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, ఉర్దూ పరిశోధన కేంద్రం వాళ్ల అపురూపమైన పుస్తక సంపద కూడా అక్కడికే చేరింది. 2000 ఆగస్టు వరదల్లో ఆ లైబ్రరీలోకి నీళ్లొచ్చి చాలా పుస్తకాలు తడిసిపోయాయి, వాటిని బాగుచేసుకోవడానికి ఎంతో కష్టపడ్డారు. అందుకే అసలు కాగితాలు ఎక్కడిచ్చినా స్కాన్ కాపీ ఇంకో ఊళ్లో ఉండాలంటాను. ఢిల్లీలో జేఎన్‌యూలో పి.సి. జోషి ఆర్కైవ్స్ ఉంది, సమకాలీన చరిత్ర కోసం పెట్టిందే. పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ గారి రచనలను ఆయన పోయాక ఒక వెబ్‌సైట్లో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు, ఒక మనిషి పనిని ఎలా పదిలపరచవచ్చో తెలియాలంటే అది ఒకసారి చూడండి. పాత పత్రికలైతే చీరాల దగ్గర వేటపాలెం సారస్వత నికేతనం లాంటి లైబ్రరీలను అడగొచ్చు, 1918 నుంచి ఉన్న సంస్థ అది.

పేరు చూసి మాత్రం ఇచ్చేయకండి. మామ స్నేహితుడొకాయన తన కాగితాలు ఒక పెద్ద సంస్థకిస్తే ఏళ్ల తరబడి ఆ అట్టపెట్టెలు వరండాలో విప్పకుండా పడున్నాయి. వెళ్లి, అంతకుముందు వచ్చిన సేకరణ ఏదైనా చూపించమని అడగండి, దాని జాబితా చూపించగలిగితే సగం నమ్మొచ్చు. మీరు పెట్టెలవారీగా జాబితా రాసుకుని, దాని మీద వాళ్ల సంతకం తీసుకోండి. ఏ కవర్లు ఎప్పటిదాకా తెరవకూడదో, స్కాన్ సెట్టు ఒకటి మీకెప్పుడిస్తారో, సంస్థ మూతపడితే కాగితాలు ఎవరికి వెళ్లాలో ఆ ఒప్పందంలోనే ఉండాలి.

తమ్ముడి మాట పూర్తిగా కొట్టేయనక్కర్లేదు, చోటు నిజంగానే సమస్య. పెద్ద దినపత్రికల పూర్తి సంచికలు ఏ గుర్తులూ లేకుండా ఉంటే పోనివ్వొచ్చు, అవి వేరేచోట దొరుకుతాయి. ఒకే కరపత్రం కట్టలు కట్టలుగా ఉంటే ఐదారు కాపీలు ఉంచి మిగతావి ఆ ఊరి లైబ్రరీకో, ఆ ఉద్యమంలో ఉన్న కుటుంబాలకో పంచండి. వేసే ముందు ప్రతి పేపరూ విప్పి చూడమనండి, మా మామ చాలా ఉత్తరాలను దినపత్రికల మడతల్లోనే దాచేవాడు.