మేనత్త పెళ్లికొస్తే జరిమానానా?

ప్రశ్న: మాఘమాసంలో మా చిన్నమ్మాయి పెళ్లి చేద్దామనుకుంటున్నాం. ముహూర్తం ఇంకా పెట్టించలేదు. మా అబ్బాయివాళ్లు ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటారు. మనవరాలికి తొమ్మిదేళ్లు, మనవడికి ఏడు. ఫిబ్రవరిలో రెండు వారాలు ఉండేలా రమ్మంటే, బడి మాన్పిస్తే జరిమానా కట్టాలంటున్నాడు. పిల్లలకి జ్వరమని చెప్పి వచ్చేయమన్నాను. కోడలు కుదరదంది. సొంత మేనత్త పెళ్లికి కూడా జరిమానా వేస్తారా?
– ఒక నాయనమ్మ, తెనాలి

జవాబు: వేస్తారమ్మా. మీ అబ్బాయి చెప్పింది నిజమే. మన విద్యాహక్కు చట్టం కూడా పిల్లల్ని బడికి పంపే బాధ్యత తల్లిదండ్రులదే అంటుంది కానీ, మాన్పిస్తే జరిమానా వేయదు. అందుకే మీకిది వింతగా ఉంది. ఇంగ్లండులో అనుమతి లేకుండా పది బడి వారాల్లో పది పూటలు, అంటే ఐదు రోజులు మానినా నోటీసు రావచ్చు. 2024 ఆగస్టు నుంచి, 21 రోజుల్లోపు కడితే 80 పౌండ్లు, ఆపైన 28వ రోజు దాకా 160. అదీ ఒక్కో బిడ్డకి, తల్లికీ తండ్రికీ విడివిడిగా. మీవాళ్లకి నాలుగు నోటీసులు, తక్కువలో తక్కువ 320 పౌండ్లు. కట్టకపోతే కోర్టుకి వెళ్లాల్సి వస్తుంది.

మిగతా రోజులన్నీ వెళ్తున్నారుగా అంటే చెల్లదు. జాన్ ప్లాట్ అనే తండ్రి కూతుర్ని బడి రోజుల్లో ఫ్లోరిడా తీసుకెళ్లి, జరిమానా కట్టనన్నాడు. కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017లో ఓడిపోయాడు.

జ్వరం మాట మాత్రం వద్దమ్మా. తిరిగెళ్లాక ఆ పిల్ల చేతుల నిండా గోరింటాకుతో క్లాసులో కూర్చుంటుంది. అత్త పెళ్లి ముచ్చట్లు స్నేహితులకి చెప్పకుండా ఎలా ఉండగలదు? మీ అబద్ధాన్ని మోయాల్సింది తనే.

2018లో ఇంగ్లండు నుంచి మా మామగారి సంవత్సరీకానికి బడిలో అడగకుండానే మా బాబుని తీసుకొచ్చాను. నాకూ మావారికీ చెరో 60 పౌండ్లు పడింది. డబ్బు పోతే పోయింది, ఆ నోటీసు చూసి నేను పడ్డ టెన్షన్ మీ కోడలికి వద్దు.

ముందుగానే హెడ్‌టీచర్‌కి ఉత్తరం రాసి సెలవు అడగమనండి. ప్రత్యేక కారణం అనిపిస్తే ఇస్తారు, ఎన్ని రోజులన్నది వాళ్లిష్టం. కానీ ఇవ్వకపోతే? అంతకంటే మంచి దారి మీ చేతిలోనే ఉంది. అక్కడి బడులకి ఫిబ్రవరిలో ఒక వారం సెలవు. అటూ ఇటూ శని, ఆదివారాలు కలిస్తే తొమ్మిది రోజులు. ఆ తేదీలు మీ అబ్బాయిని అడిగి, ముహూర్తం వాటిలో చూడమని పురోహితుడికి ఈ వారమే చెప్పండి. శుక్రవారం బడి వదలగానే విమానం ఎక్కితే, పెళ్లికూతుర్ని చేసే రోజుకి పిల్లలిద్దరూ తెనాలిలో ఉంటారు.